ఆరిఫ్ సాబ్ శాగిర్ద్, జోడీ ఆట జ్వాల

మా ఖనిలో ఆడపిల్లల బ్యాడ్మింటన్ గురించి ఎవరిని అడిగినా రెండు పేర్లు చెప్తారు. సైనా, సింధు. మూడో పేరు అడిగితే కాసేపు ఆగుతారు. "ఆ పొడుగమ్మాయి, గొడవలు పెట్టుకునేది, ఏం పేరు..." అంటారు. గుత్తా జ్వాల. ప్రపంచ చాంపియన్‌షిప్‌లో మన ఆడవాళ్ళు గెలిచిన మొట్టమొదటి పతకం ఆమెదీ ఆమె జోడీదార్ అశ్వినీ పొన్నప్పదీ. సైనా కంటే ముందు, సింధు కంటే ముందు. అయినా ఆమె పేరు చెప్తే గొడవలే ముందు యాదికొస్తాయి. ఈ ముచ్చట చాలా రోజులుగా నా దిల్‌లో గుచ్చుకుంటూ ఉంది, అందుకే ఈ తారీఖ్ రాయాలని కూర్చున్నాను. మన ఇళ్ళల్లో చదివే ఆడపిల్లలకు దీంతో కొంచెం పని ఉందని కూడా నా ఖయాల్.

ముందు ఆట సంగతి. మన అబ్బాల జమానాలో, ఈ సింగరేణి క్వార్టర్ల మధ్య, బ్యాడ్మింటన్ అంటే బాల్ బ్యాడ్మింటన్. పసుపు పచ్చ ఉన్ని బంతి, ఒక్కో వైపు ఐదుగురు, ఆరుబయట మట్టి కోర్టు. కంపెనీ ఆటల సంఘం పెట్టే పోటీల్లో దానికి మంచి ఇజ్జత్ ఉండేది. ఈకల షటిల్ ఆట క్లబ్బుల్లో ఆఫీసర్లది. తర్వాత ప్లాస్టిక్ షటిళ్ళు చవగ్గా దొరకడం మొదలైనాక గల్లీ గల్లీకీ ఒక నెట్ లేచింది. ఇక్కడ ఒక విషయం గమనించండి. గల్లీలో ఎవరూ సింగిల్స్ ఆడరు. ఉన్నది ఒక నెట్, బయట పది మంది నిలబడి ఉంటారు, ఒక్కొక్కరు ఆడుతూ కూర్చుంటే నంబర్ ఎప్పుడొస్తుంది? అందుకని నలుగురు దిగుతారు. మనం గల్లీలో ఆడేది జోడీ ఆట. టీవీలో చూసేది, తారీఫ్ చేసేది, పేపర్లలో రాసేది ఒంటరి ఆట. పేపర్లో పని చేసినవాణ్ణి గనక చెప్తున్నాను, డబుల్స్ ఫలితానికి చివరి పేజీలో అడుగున రెండు లైన్లు దొరికితే నసీబు బాగున్నట్టే.

జ్వాల 1983 సెప్టెంబర్ 7న మహారాష్ట్రలోని వార్ధాలో పుట్టింది. వాలిద్ గుత్తా క్రాంతి, తెలుగువాడు. వాలిదా యేలన్, చైనా దేశస్తురాలు. గాంధీ రచనల మీద పని చేయడానికి వచ్చిన తన తాతగారి వెంట ఆమె వార్ధా ఆశ్రమానికి చేరింది. చైనా నుంచి గాంధీ కోసం వచ్చిన ఖాందాన్ ఒక వైపు, తెలుగు ఖాందాన్ ఒక వైపు. ఆ ఇద్దరి బేటీ హైదరాబాద్‌లో పెరిగింది, తెలుగు మాట్లాడింది, ఫతే మైదాన్‌కు ఆటకు వెళ్ళింది.

ఫతే మైదాన్ అంటే ఇప్పటి లాల్ బహదూర్ స్టేడియం. 1687లో గోల్కొండను గెలిచిన ఔరంగజేబు ఫౌజు అక్కడ డేరాలు వేసిందని, అందుకే విజయపు మైదానం అని పేరొచ్చిందని చెప్తారు. ఆ స్టేడియంలోనే సయ్యద్ మొహమ్మద్ ఆరిఫ్ సాబ్ పిల్లలకు షటిల్ నేర్పేవారు. 1944లో హైదరాబాద్‌లో పుట్టిన మనిషి. జాతీయ జట్టుకు ఏళ్ళ తరబడి కోచ్. పుల్లెల గోపీచంద్ ఆయన శాగిర్ద్. అట్లాంటా ఒలింపిక్స్‌లో ఆడిన పి.వి.వి.లక్ష్మి ఆయన శాగిర్ద్. సైనా నెహ్వాల్ గోపీచంద్ దగ్గరికి వెళ్ళక ముందు ఆయన దగ్గరే నేర్చుకుంది. 2000లో ద్రోణాచార్య అవార్డు ఇచ్చారు, 2012లో పద్మశ్రీ. ఇవాళ హైదరాబాద్‌ను బ్యాడ్మింటన్ రాజధాని అంటున్నారు కదా, ఆ బునియాద్‌లో ఆరిఫ్ సాబ్ రాళ్ళు చాలా ఉన్నాయి. మన ఇళ్ళల్లో ఎంతమంది పిల్లలకు ఆ పేరు తెలుసు? ఫిల్మీ ఖాన్‌ల పేర్లన్నీ తెలుసు. ఉస్తాద్ పేరు మాత్రం తెలియదు.

జ్వాల చిన్నతనంలోనే ఆయన చేతిలో పడింది. ముందు సింగిల్సూ ఆడింది. కానీ ఆమె హునర్ వేరే చోట ఉంది. ఆమెది ఎడమ చేయి. మన ఇళ్ళల్లో ఎడమ చేత్తో పని చేసే పిల్లకు తిట్లు పడతాయి కదా, డబుల్స్‌లో అదే చేయి ఖజానా. ఎట్లాగంటే, ఇద్దరూ కుడి చేతివాళ్ళయితే ఇద్దరి బ్యాక్‌హ్యాండూ ఒకే వైపు పడుతుంది, అవతలివాళ్ళు ఆ వైపే కొడతారు. ఒకరు ఎడమ, ఒకరు కుడి అయితే రెండు పక్కలా ఫోర్‌హ్యాండ్ దెబ్బ సిద్ధంగా ఉంటుంది. ఎడమ చేత్తో కొట్టిన షటిల్ తిరిగే తీరూ వేరు, ఈకలు అతికిన తీరు వల్ల. షటిల్‌కు పదహారు ఈకలు, బరువు అయిదు గ్రాముల అటూ ఇటూ. అంత తేలిక వస్తువు నెట్ దగ్గర ఎక్కడ పడుతుందో ఒక క్షణం ముందే పసిగట్టడం జ్వాల పని. ముందు నిలబడి ఆమె దారి తీస్తే, వెనక నుంచి అశ్విని స్మాష్ కొట్టేది. స్కోరు బోర్డు మీద పాయింట్ పడేది అశ్విని దెబ్బకే అనిపిస్తుంది. ఆ దెబ్బకు షటిల్‌ను పైకి లేపించింది ఎవరో తెలియాలంటే ఆట తెలిసి ఉండాలి.

సింగిల్స్‌కు కోర్టు వెడల్పు పదిహేడు అడుగులు, డబుల్స్‌కు ఇరవై. మూడడుగులే ఎక్కువ. కానీ డబుల్స్ సర్వ్‌కు వెనక గీత రెండున్నర అడుగులు ముందుకు జరుగుతుంది. అంటే సర్వ్ చేసేవాళ్ళకు వెనక్కి లేపే వీలు తగ్గిపోతుంది, నెట్ మీద నుంచి జారినట్టు పంపాలి. మొదటి మూడు దెబ్బల్లోనే సగం ఫైసలా అయిపోతుంది. ఆ సర్వ్ విషయంలో జ్వాల చాలా పక్కా.

2000లో, పదిహేడేళ్ళకు, జూనియర్ జాతీయ చాంపియన్. శ్రుతి కురియన్‌తో కలిసి 2002 నుంచి 2008 దాకా వరుసగా ఏడేళ్ళు జాతీయ మహిళల డబుల్స్ టైటిల్ ఎవరికీ ఇవ్వలేదు. మొత్తం జాతీయ టైటిళ్ళు 14. 2006 మెల్‌బోర్న్ కామన్వెల్త్ క్రీడల్లో మిక్స్‌డ్ టీమ్ కాంస్యం. ఇవన్నీ దేశం లోపలి లెక్కలూ చిన్న ఖుషీలూ అనుకోండి.

బయటి ప్రపంచం ఆమెను నజర్‌లో పెట్టుకున్నది కేరళ ఆటగాడు వి.డిజుతో జోడీ కట్టినాక. 2009లో ప్రపంచ చాంపియన్‌షిప్ హైదరాబాద్‌లోనే, గచ్చిబౌలిలో జరిగింది. సొంత ఊళ్ళో డిజు, జ్వాల క్వార్టర్ ఫైనల్ చేరారు. ఆ పోటీల్లో అంత దూరం వెళ్ళిన మొదటి భారత జోడీ అదే. ఆ ఏడాదే చైనీస్ తైపీలో గ్రాండ్ ప్రీ గోల్డ్ టైటిల్. డిసెంబర్‌లో మలేషియాలోని జొహోర్ బహ్రులో సూపర్ సిరీస్ మాస్టర్స్ ఫైనల్స్. ఏడాది మొత్తం మీద ముందున్న జోడీలనే పిలిచే పోటీ అది. అక్కడ ఫైనల్ దాకా వెళ్ళి డెన్మార్క్ జోడీ నీల్సన్, పెడర్సన్ చేతిలో ఓడారు. తర్వాతి ఏడాది ప్రపంచ ర్యాంకింగ్‌లో ఆరో నంబర్.

ఇక 2010 ఢిల్లీ కామన్వెల్త్ క్రీడలు. దీని మీద కొంచెం నిలబడదాం, ఎందుకంటే ఇందులో ఒక హిసాబ్ ఉంది, ఎవరూ చెప్పరు.

అక్టోబర్ 14, చివరి రోజు. పొద్దున్నే హాకీ ఫైనల్‌లో ఆస్ట్రేలియా మన జట్టును 8-0తో చిత్తు చేసింది. దేశమంతా మాతంలో ఉంది. పతకాల పట్టికలో ఇంగ్లండ్‌కు 37 స్వర్ణాలు, మనకు 36. సిరి ఫోర్ట్‌లో జ్వాల, అశ్విని సింగపూర్‌కు చెందిన షింతా ములియా సారి, యావో లీ జోడీని 21-16, 21-19తో ఓడించారు. 37. ఆ తర్వాత సైనా గెలిచింది. 38. దేశం రెండో స్థానం. మర్నాడు పేపర్లన్నీ సైనా స్వర్ణంతో ఇంగ్లండ్‌ను దాటామని రాశాయి. తప్పు లేదు, చివరిది అదే. కానీ ముందు ఆ 37 రాకపోతే సైనా గెలిచినా 37 దగ్గరే ఆగేవాళ్ళం, రజతాల్లో ఇంగ్లండ్ మనకంటే ఎంతో ముందుంది గనక రెండో స్థానం వాళ్ళకే పోయేది. ఎనిమిదో మెట్టు ఎక్కినవాణ్ణి చూసి ఏడో మెట్టును మరిచిపోయినట్టుంది ఇది. కామన్వెల్త్ మహిళల డబుల్స్‌లో మన దేశానికి అంతకు ముందు 1978 ఎడ్మంటన్‌లో అమీ ఘియా, కన్వల్ ఠాకర్ సింగ్ తెచ్చిన కాంస్యం ఉంది. స్వర్ణం ఇదే మొదలు.

మరుసటి ఏడాది లండన్. 2011 ఆగస్టు, ప్రపంచ చాంపియన్‌షిప్. క్వార్టర్స్‌లో ఇండోనేసియా జోడీ వీటా మరిస్సా, నాద్యా మెలాతీతో ఆట. మొదటి గేమ్ పోయింది. మిగతా రెండూ గెలిచారు. సెమీస్ చేరితే కాంస్యం ఖాయం. సెమీస్‌లో చైనాకు చెందిన తియాన్ చింగ్, ఝావో యున్‌లీ చేతిలో ఓడారు. మరుసటి ఏడాది ఒలింపిక్ స్వర్ణం గెలిచింది ఆ జోడీయే. ఈ కాంస్యం ఎంత పెద్దదో చెప్పాలంటే ఒక్క మాట చాలు. అంతకు ముందు ప్రపంచ చాంపియన్‌షిప్‌లో మన దేశానికి ఉన్నది ఒకే పతకం, 1983లో ప్రకాశ్ పదుకోన్ కాంస్యం. అది వచ్చిన ఏడాదే జ్వాల పుట్టింది. 28 ఏళ్ళ తర్వాత రెండోది తనే తెచ్చింది. ఆ ఏడాదే అర్జున అవార్డు.

2012లో మళ్ళీ లండన్, ఈసారి ఒలింపిక్స్. మహిళల డబుల్స్, మిక్స్‌డ్ డబుల్స్ రెండింట్లోనూ అర్హత. ఒకే ఒలింపిక్స్‌లో రెండు విభాగాల్లో ఆడిన మొదటి భారత బ్యాడ్మింటన్ క్రీడాకారిణి ఆమె. గ్రూప్ పద్ధతి ఆ ఏడాదే పెట్టారు. జపాన్ జోడీతో ఓడారు, తైపీ జోడీని గెలిచారు, సింగపూర్‌ను గెలిచారు. మూడు జోడీలకు రెండేసి విజయాలు. పాయింట్ల తేడా లెక్క తీస్తే ఒక్క పాయింట్‌తో మనవాళ్ళు బయటపడ్డారు. ఆ ఒలింపిక్స్‌లోనే తేలిక ప్రత్యర్థి కోసం కావాలని ఓడారని చైనా, కొరియా, ఇండోనేసియా ఆడపిల్లలు ఎనిమిది మందిని వెళ్ళగొట్టారు. మన గ్రూప్‌లో జపాన్, తైపీ ఆట మీద కూడా మనవాళ్ళు ఫిర్యాదు చేశారు, అది నిలవలేదు. ఆ జపాన్ జోడీ చివరికి రజతం గెలుచుకుంది. ఒక్క పాయింట్. ఒక షటిల్ గీత మీద పడిందా, అవతల పడిందా అన్నంత.

ఇప్పుడు 2013కు వద్దాం. అసలు ఈ వ్యాసం రాయించింది ఈ ఏడాదే.

ఇండియన్ బ్యాడ్మింటన్ లీగ్ మొదటిసారి పెట్టారు. క్రికెట్ ఐపీఎల్ తరహాలో వేలం. ఆరుగురిని ఐకాన్ ఆటగాళ్ళన్నారు. మలేషియా లీ చాంగ్ వీ, సైనా, సింధు, కశ్యప్, జ్వాల, అశ్విని. ఒక్కొక్కరికీ కనీస ధర 50 వేల డాలర్లు. జూలైలో వేలం. తీరా ఆ వేళకు లీగ్‌లో మహిళల డబుల్స్ తీసేశారు, దాని బదులు ఇంకో పురుషుల సింగిల్స్ పెట్టారు. ఆ వంకతో జ్వాల, అశ్వినిల కనీస ధరను 25 వేలకు దించేశారు. సైనాకు లక్షా 20 వేలు, సింధుకు 80 వేలు, జ్వాలకు 31 వేలు, అశ్వినికి 25 వేలు. ఐకాన్ అన్నారు, ఇష్తెహార్‌లలో ఫోటోలు వేశారు, తర్వాత సగానికి కోశారు.

మన బొగ్గుబాయి కార్మికుల ఇళ్ళల్లో ఇది అర్థం చేయించడానికి కష్టపడక్కర్లేదు. వేజ్ బోర్డులో రాసుకున్న బేసిక్‌ను ఒక పొద్దున నోటీసు బోర్డు మీద సగం చేసి పెడితే బాయి గేటు ముందు ఏమవుతుందో మనకు తెలుసు. మస్టర్ పడదు, తట్ట కదలదు. జ్వాల దగ్గర యూనియన్ లేదు. నోరు ఉంది. మాకు ముందు చెప్పలేదు, ఇది బేఇజ్జతి అని బాహాటంగా అంది. అశ్వినీ అంది. డబుల్స్‌ను ఈ దేశంలో రెండో రకం ఆటగా చూస్తున్నారని జ్వాల అప్పటికే ఎన్నోసార్లు అని ఉంది. జాతీయ చీఫ్ కోచ్ గోపీచంద్ మీద కూడా నేరుగా షికాయత్ చేసింది. వాళ్ళిద్దరూ ఒకే ఉస్తాద్ శాగిర్దులు. ఆ ఇంటి తకరారులో ఎవరిది ఎంత హక్కు అని తీర్పు చెప్పడానికి నేను ఖాజీని కాను. గోపీచంద్ తయారు చేసిన సింగిల్స్ ఆటగాళ్ళను చూసి ఆయన మెహనత్‌ను కాదనగలమా? కానీ డబుల్స్‌కు విడిగా కోచ్ కావాలి, తోటి జోడీలు కావాలి అని ఆమె అడిగినదాంట్లో గలత్ ఏముందో నాకు కనబడదు.

ఆగస్టులో ఆ లీగ్‌లోనే ఒక మ్యాచ్ గొడవైంది. అవతలి జట్టు చివరి నిమిషంలో గాయపడ్డ ఆటగాడి బదులు ఇంకొకరిని దించుతామంటే జ్వాల సారథిగా ఉన్న ఢిల్లీ జట్టు అభ్యంతరం పెట్టింది, ఆట ఆలస్యమైంది. దానికి బ్యాడ్మింటన్ సంఘం క్రమశిక్షణ కమిటీ జీవితకాల నిషేధం వేయాలని సిఫారసు చేసింది. జీవితకాలం! షటిల్ ఆటలో ఆలస్యానికి ఉమ్ర్ ఖైద్. జట్టులోని మిగతావాళ్ళెవరికీ ఈ సజా లేదు. ఆమె ఢిల్లీ హైకోర్టుకు వెళ్ళింది. అక్టోబర్‌లో కోర్టు ఆమెను ఆడనివ్వాలని సంఘానికి చెప్పింది. అప్పటికామెకు ముప్పై ఏళ్ళు. ఆటగత్తెకు ముప్పై అంటే మిగిలిన రోజులు లెక్కపెట్టుకునే వయసు.

నోరున్న ఆడది అనే మాట మన మొహల్లాలలో ఎట్లా వాడతారో వేరే చెప్పాలా? అదే మాట ఆమె గురించి స్టూడియోలలో, ప్రెస్ మీట్లలో కొంచెం ఇస్త్రీ చేసి వాడారు. దాని కింద ఇంకో మాట కూడా ఉండేది. అమ్మ చైనా ఆమె గదా అని. ఓడితే చైనా పిల్ల, గెలిస్తే మన పిల్ల. 2020లో కరోనా వచ్చినప్పుడు ఆమెను సగం కరోనా అన్నవాళ్ళు కూడా ఉన్నారు, ఆ సంగతి తనే బయటపెట్టింది. ఇది చదివినప్పుడు నాకు సానియా మీర్జా యాదికొచ్చింది. 2014 జూలైలో తెలంగాణ సర్కార్ సానియాను బ్రాండ్ అంబాసిడర్‌గా ప్రకటిస్తే, ఒక నాయకుడు ఆమె పాకిస్తాన్ కోడలు అన్నాడు. ఇద్దరూ హైదరాబాద్ పిల్లలే. ఇద్దరినీ పైకి తెచ్చింది డబుల్సే. సానియా గెలిచిన ఆరు గ్రాండ్‌స్లామ్‌లూ డబుల్స్‌వి, 2015 ఏప్రిల్‌లో డబుల్స్‌లో ప్రపంచ నంబర్ వన్ అయింది. ఒకరిని అత్తింటి వైపు నుంచి అడిగారు, ఇంకొకరిని అమ్మ వైపు నుంచి. అడిగిన సవాల్ ఒకటే. నువ్వు ఎవరి బిడ్డవు అని. ఈ సవాల్ మన పిల్లలకు బడిలో, బస్సులో, క్రికెట్ మ్యాచ్ రోజున ఎదురయ్యేదే, అందుకే దీన్ని నేను దాటవేయలేదు.

కోర్టు తలుపు తెరిచినాక జ్వాల ఏం చేసింది? ఆడింది. 2014లో ఢిల్లీ ఉబెర్ కప్‌లో సైనా, సింధు, జ్వాల, అశ్విని కలిసి కాంస్యం తెచ్చారు. ఆ టోర్నీలో మన దేశానికి అదే మొదటి పతకం. టీమ్ పోటీలో అయిదు మ్యాచ్‌లలో రెండు డబుల్స్ ఉంటాయి, కాబట్టి అక్కడ జోడీ లేకపోతే ఎంత పెద్ద సింగిల్స్ స్టార్‌లున్నా పని నడవదు. ఆ ఏడాదే ఆసియా చాంపియన్‌షిప్‌లో డబుల్స్ కాంస్యం, గ్లాస్గో కామన్వెల్త్‌లో రజతం. 2015లో కెనడా ఓపెన్ ఫైనల్‌లో టాప్ సీడ్ డచ్ జోడీ మస్కెన్స్, పీక్‌ను 21-19, 21-16తో ఓడించి టైటిల్. 2016లో మళ్ళీ ఒలింపిక్స్‌కు అర్హత. రియోలో మూడు మ్యాచ్‌లూ ఓడారు, మొదటిది చివరికి స్వర్ణం గెలిచిన జపాన్ జోడీతోనే. ఆమెకప్పుడు ముప్పై రెండు దాటాయి. ఆ తర్వాత పెద్ద టోర్నీల్లో ఆమె కనబడటం ఆగిపోయింది. రిటైర్మెంట్ జల్సా ఏమీ జరగలేదు.

2017లో బ్యాడ్మింటన్ సంఘం ఆమెను డబుల్స్ కోచ్‌గా తీసుకుంది. జీవితకాల నిషేధం అన్న సంఘమే. తర్వాత హైదరాబాద్ శివారులో, మొయినాబాద్‌లో, తన పేరు మీద అకాడమీ పెట్టుకుంది. అశ్విని కొత్త జోడీదార్లతో ఆట సాగించి 2024 పారిస్ ఒలింపిక్స్ దాకా వెళ్ళింది, తనీషా క్రాస్టోతో.

ఇంకో చిన్న ముచ్చట. 2022లో, 2023లో ఆల్ ఇంగ్లండ్ మహిళల డబుల్స్ సెమీఫైనల్ చేరిన మన జోడీ ఉంది. కేరళ పిల్ల ట్రీసా జాలీ, హైదరాబాద్ పిల్ల గాయత్రి. 2022లో కామన్వెల్త్ కాంస్యం కూడా తెచ్చారు. ఇప్పుడు వాళ్ళ మ్యాచ్‌లు టీవీలో పూర్తిగా చూపిస్తున్నారు, పేపర్లో పైన వేస్తున్నారు. ఆ గాయత్రి పుల్లెల గోపీచంద్ కూతురు. ఆరిఫ్ సాబ్‌కు మనవరాలి వరసన్నమాట.